రాతి పలకల ఫినిషింగు (ఆరుబయటి కట్టడాలు)

రాతి పలకల ఫినిషింగు అనగా, గని నుండి తెచ్చి కోసిన రాతి పలక పైముఖాన్నీ, అంచులనూ అది ఉండబోయే చోటుకు తగినట్లు నునుపుగానో, గరుకుగానో తీర్చే పని. రాతిపనిలో ఇది చివరి దశ. ఇంటి లోపల వేసే పలకకు అద్దం వంటి మెరుపు ఇవ్వడం వాడుక. ఇంటి వెలుపల వేసే పలక, అంటే అరుగు, మెట్లు, గేటు ముందరి ర్యాంపు, వాహనాలు నిలిపే చోటు, పిట్టగోడ, తులసికోట, పెరటి గట్టు వంటి వాటికి వాడేది, వానకు తడుస్తుంది, ఎండకు కాగుతుంది, మట్టి కాళ్ళను మోస్తుంది. అందువలన ఒకే రాయికి లోపల ఒక ఫినిషింగు, వెలుపల మరొక ఫినిషింగు అవసరమవుతాయి. వెలుపలి పలకకు లోపలి మెరుపునే ఇస్తే తడిలో జారిపడే ప్రమాదం ఉంటుంది. ఈ వ్యాసంలో హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న కీసర, శామీర్‌పేట, మేడ్చల్ పరిసరాలను ఉదాహరణగా తీసుకొని, అక్కడ ఇళ్ళకు వాడే రాళ్ళు, వాటి ఫినిషింగు పద్ధతులు, ఆ పనిలోని జాగ్రత్తలు వివరించబడ్డాయి.

కీసర పరిసరాలలోని రాయి

కీసర మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న ఈ జిల్లా ఏర్పడక ముందు ఇది రంగారెడ్డి జిల్లాలో ఉండేది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున ఉన్న బాహ్యవలయ రహదారి మేడ్చల్, శామీర్‌పేట, కీసరల మీదుగా పోతుంది. ఈ రహదారి వచ్చిన తరువాత చుట్టుపక్కల గ్రామాలలో కొత్త ఇళ్ళ నిర్మాణం పెరిగింది.

ఈ ప్రాంతమంతా గ్రానైటు నేల. ఈ రాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. బూడిద, గులాబి రంగులలో కనిపించే ఇక్కడి గ్రానైటులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం ముఖ్యమైన ఖనిజాలు. మోస్ కాఠిన్య మానంలో క్వార్ట్జ్ విలువ 7, ఫెల్డ్‌స్పార్ విలువ 6. అభ్రకం మెత్తనిది, దాని విలువ 3కు మించదు. ఈ తేడా ఫినిషింగు పనిలో అడుగడుగునా కనిపిస్తుంది. ఎంత మెరుగు పెట్టినా అభ్రకం ఉన్న చోట చిన్న చిన్న గుంటలు మిగులుతాయి.

కీసరగుట్ట కూడా ఇటువంటి గ్రానైటు కొండయే. కొండపై రామలింగేశ్వరస్వామి ఆలయం ఉన్నది. ఆలయం చుట్టూ ఆరుబయట అనేక శివలింగాలు కనిపిస్తాయి. హనుమంతుడు తెచ్చిన లింగాలు ఇవేనని స్థలపురాణం చెబుతుంది. ఇక్కడి తవ్వకాలలో విష్ణుకుండినుల కాలం నాటి ఇటుక కట్టడాల అవశేషాలు బయటపడ్డాయి. కొండపై ఎండకు, వానకు గురైన గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ కాలక్రమంలో మట్టిగా మారి కొట్టుకుపోతుంది. క్వార్ట్జ్ పలుకులు మాత్రం పైకి తేలి నిలుస్తాయి. అందుకే ఇటువంటి బండల పైముఖం గరుకుగా ఉంటుంది, పాచి పట్టని చోట తడిలోనూ కాలు నిలుస్తుంది. అనగా ఆరుబయట ఈ రాతికి ప్రకృతి ఇచ్చిన ఫినిషింగు గరుకైనదే.

చరిత్ర

తెలుగు నేలపై రాతికి మెరుగు పెట్టే విద్య పాతది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్ప దేవాలయంలో నల్లని డోలరైటు రాతితో చెక్కిన స్తంభాలు, చూరు కింది మదనిక శిల్పాలు నేటికీ నునుపును కోల్పోలేదు. 2021లో ఈ దేవాలయాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధులపై కూడా మెరుగు పెట్టిన నల్లరాతి పని చూడవచ్చు. ఇవన్నీ చూరు కిందనో, గుమ్మటం కిందనో ఉన్నవి, చూపుకు ఉద్దేశించినవి. నడిచే చోట, వాన పడే చోట పాతకాలపు పనివారు ఉలిగుర్తులు మిగిలేటట్లు చెక్కిన రాతినే ఎక్కువగా పరిచారు. 1939 డిసెంబరు 4న ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనం గ్రానైటు కట్టడానికి హైదరాబాదులో పేరు పొందిన ఉదాహరణ.

బండలు కొట్టే పని వడ్డెరలకు తరతరాల వృత్తి. సమ్మెట, ఉలి, సుత్తి, గడ్డపార వీరి ముఖ్యమైన పనిముట్లు. దక్కను ప్రాంతంలో బండపై కట్టెల మంట పెట్టి, వేడికి పైపొర లేచిన తరువాత పలకలుగా విడదీసే పద్ధతి కూడా ఉండేది. నేటి మంట ఫినిషింగు వెనుక ఉన్న సూత్రం దీనికి దగ్గరిది.

వాడుకలోని రాళ్ళు

ఈ ప్రాంతంలో ఇళ్ళ వెలుపల వాడే రాళ్ళను రెండు జాతులుగా విభజించవచ్చు. రాయి ఏ జాతిదో తెలియకుండా ఫినిషింగును నిర్ణయించడం సాధ్యం కాదు.

* గ్రానైటు జాతి: స్థానిక బూడిద, గులాబి గ్రానైటులు, కరీంనగర్ ప్రాంతపు గోధుమరంగు గ్రానైటు, ప్రకాశం జిల్లా చీమకుర్తిలో లభించే నల్లని గెలాక్సీ గ్రానైటు మొదలైనవి. చీమకుర్తి రాయి శాస్త్రరీత్యా గ్రానైటు కాదు, గాబ్రో జాతికి చెందినది. వ్యాపారంలో మాత్రం దీనిని గ్రానైటుగానే వ్యవహరిస్తారు.
* సున్నపురాయి జాతి: వికారాబాదు జిల్లాలోని తాండూరు బండలు, కర్ణాటకలోని షాబాదు బండలు, నల్లని కడప బండలు, నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల బండలు. వీటిలో ప్రధానమైన ఖనిజం కాల్సైటు. దీని కాఠిన్యం 3 మాత్రమే. ఇవి పొరలుగా విడివడే గుణం గలవి కనుక సహజంగానే పలకలుగా లభిస్తాయి.

గ్రానైటు గట్టిది, ఆమ్లాలకు చాలావరకు తట్టుకుంటుంది. సున్నపురాయి చౌక, పని తేలిక, కాని ఆమ్లం తగిలితే పొంగి కరుగుతుంది.

ఫినిషింగు రకాలు

* సహజ ముఖం: పొర వెంట విడివడిన పలకను ఏ మెరుగూ లేకుండా అట్లే పరచడం. తాండూరు, షాబాదు బండలకు ఇది వాడుక. ఆరుబయటికి అనుకూలమైనది, ఖర్చు తక్కువ.
* అద్దపు మెరుగు: వరుసగా సన్నని రాపిడి రాళ్ళతో సానపట్టి ప్రతిబింబం కనిపించేటట్లు చేయడం. గోడలకు, గట్లకు బాగుంటుంది. వాన పడే నేలకు తగదు.
* నునుపు ముఖం: సానపట్టే పనిని మెరుపు రాకముందే, సుమారు 400 నంబరు వద్ద, ఆపివేయడం. చేతికి నునుపుగా ఉంటుంది, కంటికి మెరవదు. చూరు కింద ఉన్న అరుగుకు సరిపోతుంది.
* మంట ఫినిషింగు: వ్యాపారంలో దీనిని ఫ్లేమ్డ్ అంటారు. ఆక్సిజన్, వంటగ్యాసు కలిపిన మంటను పలకపై వేగంగా నడిపిస్తారు. క్వార్ట్జ్ 573 డిగ్రీల సెల్సియస్ వద్ద తన స్ఫటిక రూపాన్ని మార్చుకొని ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. దానితో పైముఖం నుండి సన్నని పెచ్చులు ఎగిరిపోయి గరుకుదనం వస్తుంది. క్వార్ట్జ్ తగినంత ఉన్న రాళ్ళకే ఇది కుదురుతుంది. సున్నపురాయికి పనికిరాదు. పలక పలుచనైతే వేడికి పగులుతుంది కనుక కనీసం 20 మి.మీ. మందం ఉండటం మంచిది.
* సుత్తిపోటు: పళ్ళు గల సుత్తితో గాని, యంత్రంతో గాని పైముఖమంతా పొడిచి సన్నని గుంటలు చేయడం. జారుడును అరికట్టడంలో ఇది మేలైన పద్ధతులలో ఒకటి.
* లెదర్ ఫినిషింగు: గరుకు ముఖాన్ని గట్టి కుచ్చులు గల బ్రష్‌లతో రుద్ది, ఎగుడుదిగుడులు ఉంచుతూనే పదునును తొలగించడం. తోలు వంటి స్పర్శ ఉండటం వలన ఈ పేరు వచ్చింది. నల్లని రాళ్ళకు ఎక్కువగా చేస్తారు.
* ఇసుక ఊదుడు: గాలి ఒత్తిడితో రాపిడి రేణువులను చల్లి పైముఖాన్ని మసకబార్చడం. పేర్లు, ముగ్గుల వంటి రూపాలు చెక్కడానికి కూడా ఉపయోగిస్తారు.

పని జరిగే క్రమం

గని నుండి వచ్చిన దిమ్మెను వజ్రపు పళ్ళు గల రంపాలతో పలకలుగా కోస్తారు. తరువాత వరుసగా అమర్చిన సాన తలల కింద నీరు పారిస్తూ పలకను నడిపిస్తారు. ఇంటి వద్ద పని జరిగేటప్పుడు చేతి యంత్రానికి వజ్రపు ప్యాడ్లు బిగించి ఇదే పని చేస్తారు. ప్యాడ్లు సాధారణంగా 50, 100, 200, 400, 800, 1500, 3000 నంబర్లలో లభిస్తాయి. నంబరు పెరిగినకొద్దీ రేణువు సన్నగిల్లుతుంది.

ఈ పనికి ఒక్కటే సూత్రం. ప్రతి నంబరూ తనకు ముందున్న నంబరు చేసిన గీతలను తుడిచివేయాలి. మధ్యలో ఒక నంబరును దాటవేస్తే పెద్ద గీతలు అడుగున మిగిలిపోతాయి. పలక తడిగా ఉన్నప్పుడు అవి కనిపించవు. ఆరిన తరువాత, ఏటవాలు ఎండలో స్పష్టంగా బయటపడతాయి. అందుచేత ప్రతి దశ చివర పలకను ఆరబెట్టి చూడటం అవసరం. ఆరుబయటి నేలకు 200 నంబరుకు మించి పోనవసరం లేదు.

అంచుల పనిని మోల్డింగు అంటారు. మెట్టు అంచును గుండ్రంగా తీర్చి, పైన రెండు మూడు గాళ్ళు తీయడం వాడుక. పిట్టగోడపై పరిచే పలక గోడకంటె కొంచెం బయటికి పొడుచుకు వచ్చి, అడుగున ఒక గాడి కలిగి ఉండాలి. ఆ గాడి వద్ద వాననీరు తెగి కిందికి రాలుతుంది. అది లేనిచో నీరు పలక అడుగు వెంట వెనుకకు పోయి గోడపై చారలు కడుతుంది.

నేలపై పలకలు పరిచేటప్పుడు ప్రతి మీటరుకు 10 నుండి 15 మి.మీ. వాలు ఉంచాలి. పలక కింద సిమెంటు మాలు నిండుగా ఉండాలి. ర్యాంపుపై పలక కింద బోలుగా ఉన్న చోట కారు చక్రం ఎక్కితే, ఎంత గట్టి గ్రానైటైనా పగులుతుంది.

జారుడు

పొడిగా ఉన్నప్పుడు అద్దపు మెరుగు నేల కూడా సాధారణంగా జారదు. నీరు పడినప్పుడు కాలికీ రాతికీ మధ్య సన్నని నీటి పొర నిలుస్తుంది. గరుకు ముఖంపై పలుకులు ఆ పొరను చీల్చుకొని కాలిని పట్టుకుంటాయి. నునుపు ముఖంపై అటువంటి పలుకులు ఉండవు. దీనిని కొలవడానికి లోలక పరీక్షను వాడుతారు. రబ్బరు అతికించిన లోలకం తడి పలకను రాసుకుంటూ పోయి ఎంతవరకు పైకి లేచిందో చూసి విలువ కడతారు. బ్రిటనులో అనుసరించే విధానం ప్రకారం విలువ 36 లేదా అంతకు మించితే జారే అవకాశం తక్కువ, 25 నుండి 35 వరకు మధ్యస్థం, 24 వరకు ఎక్కువ.

ఇంటిలోని వృద్ధులకు తుంటి ఎముక విరగడం తరచుగా ఇటువంటి సాధారణమైన పాటుతోనే జరుగుతుంది. తెల్లవారుజామున వాకిలి కడిగి ముగ్గు వేసే అలవాటు ఉన్న ఇళ్ళలో ఇంటి ముందరి నేల వానాకాలంలోనే కాక ప్రతిదినమూ తడిగా ఉంటుంది. కావున వాకిలి, మెట్లు, ర్యాంపుల విషయంలో అందం తరువాతి మాట. ఇప్పటికే మెరుగు పలకలు వేసిన ఇళ్ళలో వాటిని తొలగించనవసరం లేదు. మెట్టు అంచు వెంట 50 మి.మీ. వెడల్పున సుత్తిపోటు పట్టీ తీయించడం, గాళ్ళు కోయించడం ద్వారా ప్రమాదాన్ని తగ్గించవచ్చు.

ఎండ, వేడి

హైదరాబాదు పరిసరాలలో వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో ఉన్న రాయి గాలికంటె ఎక్కువగా కాగుతుంది. నల్లరాయి లేతరంగు రాయికంటె మరింత వేడెక్కుతుంది. చెప్పులు విడిచి నడిచే అరుగుకు, తులసికోట చుట్టూ పరిచే నేలకు లేత బూడిదరంగు గ్రానైటు గాని, పసుపు ఛాయ గల తాండూరు బండ గాని మేలు.

గ్రానైటు ఒక డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల వంతులలో సుమారు 8 వంతులు పెరుగుతుంది. 3 మీటర్ల పలక 40 డిగ్రీల తేడాకు దాదాపు 1 మి.మీ. పెరుగుతుందన్నమాట. అందుచేత ఆరుబయట పలకల మధ్య కనీసం 3 మి.మీ. సందు వదలి, దానిని తగిన పదార్థంతో నింపుతారు.

కొన్ని పలకలలో పగుళ్ళను కప్పడానికి రెసిన్ నింపి ఉంటారు. ఇది ఎండకు పసుపు రంగుకు తిరుగుతుంది, మంట ఫినిషింగులో కాలిపోతుంది. బూడిదరంగు రాతికి రంగు పట్టించి నల్లరాయిగా అమ్మడం కూడా ఉన్నది. అసిటోనులో తడిపిన తెల్లగుడ్డతో రుద్దినప్పుడు గుడ్డకు నలుపు అంటితే అది రంగు వేసిన పలకగా అనుమానించాలి.

నీరు, మరకలు, ఆమ్లం

కట్టుబడి ముగిసిన తరువాత పలకలపై అంటిన సిమెంటును తొలగించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగడం చాలాచోట్ల వాడుక. తాండూరు, కడప బండలకు ఇది తీరని నష్టం చేస్తుంది. ఆమ్లం కాల్సైటును తినివేయడంతో పైముఖం తెల్లబారి గుంటలు పడుతుంది. గ్రానైటు ఇంతగా దెబ్బతినదు గాని, దానిలోని ఇనుము గల ఖనిజాలు తుప్పు మరకలను విడుస్తాయి. సిమెంటును పచ్చిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిచివేయడం అన్నింటికంటె మంచి ఉపాయం.

కఠినత్వం ఎక్కువగా ఉన్న బోరుబావి నీటితో పలకలను కడిగినప్పుడు, నీరు ఆరిన చోట తెల్లని సున్నపు మరకలు మిగులుతాయి. మెరుగు పెట్టిన నల్లరాతిపై ఇవి కొట్టవచ్చినట్లు కనిపిస్తాయి. కడిగిన తరువాత నీటిని చీపురుతో ఊడ్చివేస్తే మరక కట్టదు.

రాతిలోనికి ఇంకి నీటిని ఆపే సైలేన్, సైలాక్సేన్ జాతి ద్రవాలను ఆరుబయట వాడవచ్చు. ఇవి పైముఖంపై పొర కట్టవు కనుక గరుకుదనం మారదు. మైనం, వార్నిషు వంటి పొర కట్టే పూతలు ఎండకు పెచ్చులూడుతాయి, తడిలో జారుడును పెంచుతాయి. కడప బండ ఎండలో వెలిసి బూడిదరంగుకు తిరగడం సహజం. నూనె రాస్తే తాత్కాలికంగా నలుపు వస్తుంది గాని దుమ్ము అంటుకుంటుంది.

కృత్రిమ పలకలు

సాలిడ్ సర్ఫేస్ అనే కృత్రిమ పలకను 1967లో అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ కోరియన్ అనే పేరుతో రూపొందించింది. దీనిలో సుమారు మూడవ వంతు యాక్రిలిక్ ప్లాస్టిక్కు, మిగిలినది అల్యూమినియం హైడ్రాక్సైడు పొడి. పలక మందమంతా ఒకే పదార్థం కనుక గీతలు పడితే మళ్ళీ రుద్ది సరిచేయవచ్చు. ఆరుబయట పెరటి వంటగట్టుకు దీనిని వాడేటప్పుడు మూడు విషయాలు గమనించాలి. మొదటిది, ఇది గ్రానైటుకంటె సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. 3 మీటర్ల పలకకు 40 డిగ్రీల తేడాలో 4 మి.మీ. పైన చోటు వదలాలి. రెండవది, పాలియెస్టర్ కలిసిన రకాలు ఎండకు త్వరగా రంగు మారుతాయి, పూర్తి యాక్రిలిక్ రకాలు ఎక్కువ కాలం ఓర్చుకుంటాయి. మూడవది, మెరుపు ముఖంపై గీతలు తొందరగా కనిపిస్తాయి. కనుక 120, 180, 240, 320 నంబర్ల సానకాగితంతో వరుసగా రుద్ది మసక ముఖంతో వదలడం మంచిది. పొయ్యి మీది గిన్నెను నేరుగా దీనిపై పెట్టరాదు.

రాతి ధూళి, పనివారి ఆరోగ్యం

గ్రానైటులో గణనీయమైన భాగం క్వార్ట్జ్, అనగా స్ఫటిక సిలికా. పలకను పొడిగా కోసినప్పుడు, రుద్దినప్పుడు కంటికి కనిపించని సన్నని ధూళి లేచి ఊపిరితిత్తుల లోతులకు చేరుతుంది. అక్కడ అది మచ్చలు కట్టించి శ్వాసను క్రమంగా హరించే సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు. ఇది ఉన్నవారికి క్షయ సోకే అవకాశం కూడా ఎక్కువ. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో సిలికోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చారు. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ ధూళిని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో ఉంచింది. గ్రానైటుకంటె చాలా ఎక్కువ సిలికా ఉండే కృత్రిమ క్వార్ట్జ్ పలకలను 2024 జూలై 1 నుండి ఆస్ట్రేలియా నిషేధించింది.

ఇంటి గేటు ముందు చేతి యంత్రంతో పలకను పొడిగా కోస్తూ ఉండగా లేచే తెల్లని పొగ కొత్త కాలనీలలో నిత్యం కనిపించే దృశ్యం. ముఖానికి కట్టుకున్న చేతిగుడ్డ ఆ సన్నని ధూళిని ఆపలేదు. కోతపై నీరు పారించడం దీనికి మొదటి నివారణ. దానితోపాటు ముఖానికి సరిగా అమరే ఎన్-95 రకపు మాస్కు అవసరం. నీరు, విద్యుత్తు కలిసిన పని కనుక విద్యుత్ లీకైనప్పుడు సరఫరాను ఆపివేసే ఆర్.సి.సి.బి. స్విచ్చు ఉండాలి. రాతి బురదను మురుగు కాలువలోకి వదిలితే పేరుకొని పూడిపోతుంది. దానిని ఆరనిచ్చి దుమ్ము లేపకుండా సంచులకు ఎత్తాలి.

అద్దపు మెరుగుకు ఎక్కువ దశల రాపిడి కావాలి. దానిని పొడిగా చేయిస్తే ధూళి కూడా అంతగా పెరుగుతుంది. సుత్తిపోటు, మంట పనులలోనూ పెచ్చులు, ధూళి లేస్తాయి కనుక వాటికీ కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. వీలైనంత వరకు కోత, మోల్డింగు పనులను నీటి సదుపాయం ఉన్న కార్ఖానాలోనే కొలత ప్రకారం చేయించి, ఇంటి వద్ద పరిచే పని మాత్రమే మిగల్చడం పనివారికీ, ఇరుగుపొరుగుకూ మేలు.

ఏ చోటికి ఏ ఫినిషింగు

* గేటు ముందరి ర్యాంపు: సుత్తిపోటు లేదా మంట ఫినిషింగు గ్రానైటు, 30 మి.మీ. లేదా అంతకు మించిన మందం.
* వాకిలి, వాన పడే మెట్లు: మంట ఫినిషింగు గ్రానైటు లేదా సహజ ముఖం గల తాండూరు బండ, అంచున గాళ్ళు.
* చూరు కింది అరుగు: నునుపు ముఖం లేదా లెదర్ ఫినిషింగు.
* పిట్టగోడ: ఏ ఫినిషింగైనా సరే, అడుగున నీటి గాడి తప్పనిసరి.
* పెరటి వంటగట్టు: మెరుగు పెట్టిన గ్రానైటు. నిమ్మరసం, చింతపండు పులుసు తగిలే చోటు కనుక సున్నపురాయి పనికిరాదు.
* తులసికోట: కోటకు మెరుగు రాయి, చుట్టూ నడిచే నేలకు లేతరంగు గరుకు రాయి.

ఇవి కూడా చూడండి

* గ్రానైటు
* సున్నపురాయి
* కీసరగుట్ట
* రామప్ప దేవాలయం
* సిలికోసిస్